ఎనిమిది పాఠాల ‘సత్యం’ పెట్టె: సరిహద్దు సంఘాల్లో నడిపేవాళ్ల కోసం ఒక సమీక్ష

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు క్రైస్తవ సంఘాలు యువజన కూడికలకు తెప్పించుకుంటున్న పాఠాల పెట్టె ఇది. అట్ట మీద ‘సత్యం’ అని పెద్ద అక్షరాలుంటాయి కాబట్టి పేరు చెప్పకపోయినా ఏదో తెలిసిపోతుంది. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఉన్నది ఉన్నట్టే ఉంటుందని క్రైస్తవ విశ్వాసం చెబుతుంది. ‘నీ సత్యం నీది, నా సత్యం నాది’ అని ఫోన్లో చూసే ప్రతి రెండో వీడియో చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఇంటర్, డిగ్రీ పిల్లలకు కాళ్లూనుకునే చోటు చూపించాలని ఈ పెట్టె ప్రయత్నం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. మూడో పాఠం, ఐదో పాఠం కోసమైనా కొనొచ్చు. నాలుగోది ఉన్నదున్నట్టు చెప్పకండి. ఏడో పాఠంలో రెండు పేజీలు దిద్దాకే పిల్లల ముందు పెట్టండి. మిగతావి చెప్పేవాడి నేర్పును బట్టి నడుస్తాయి.

పెట్టెలో విద్యార్థి పుస్తకం (112 పేజీలు), నాయకుడి పుస్తకం (48 పేజీలు), 36 ప్రశ్న కార్డులు, పాఠాలన్నీ చదివి రికార్డు చేసిన పెన్‌డ్రైవ్ ఉంటాయి. విద్యార్థి పుస్తకం విడిగా 90 రూపాయలు. కాగితం మంచిదే కానీ పిన్నులు కొట్టిన బైండింగు, నాలుగో వారానికి మధ్య పేజీలు ఊడి వస్తాయి. మొదటి రోజే పుస్తకం వీపుకి గుడ్డ టేపు అంటించుకోవడం మేలు. కార్డులు పల్చటి అట్టవి. పన్నెండు మంది చేతులు మారితే మూలలు మడతపడి, వెనక నుంచే ఏ కార్డో పిల్లలు గుర్తుపట్టేస్తారు.

అసలు ఇబ్బంది లిపిది. ఇటువైపు ఇరవై ఏళ్లలోపు పిల్లల్లో చాలామంది ఒడియా మీడియంలో చదువుతున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, పాటలూ తెలుగులోనే పాడతారు, కానీ తెలుగు అచ్చు పేజీ చూస్తే కూడబలుక్కుంటారు. పుస్తకమేమో ఇంటి దగ్గర పది పేజీలు చదువుకు రమ్మంటుంది. చదువుకు రారు. అందుకే పెన్‌డ్రైవ్‌లోని ఆడియోని ముందు రోజే వాట్సాప్ గ్రూపులో పెట్టేయాలి. పాఠానికి 18 నుంచి 22 నిమిషాలు ఉంటుంది, వింటారు. పైగా పుస్తకం తెలుగు గ్రాంథికం వైపు మొగ్గింది. బైబిలు వచనాలు పాత భాషలో ఉంటే అభ్యంతరం లేదు, వివరణ కూడా అదే భాషలో ఉంటే ఎలా? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరికి ఇలాంటి పుస్తకం పంపాలంటే కాస్త ధైర్యం కావాలి.

పాఠానికి 60 నిమిషాలు చాలని నాయకుడి పుస్తకం అంటుంది. చాలవు. కార్డులున్న పాఠాలకు 90 నిమిషాలు పెట్టుకోండి.

మొదటి పాఠం సత్యానికి నిర్వచనం. ఉన్నదాన్ని ఉన్నదని, లేనిదాన్ని లేదని చెప్పడమే సత్యం పలకడం అని అరిస్టాటిల్ ఇచ్చిన నిర్వచనంతో మొదలవుతుంది, అది మంచి ఎంపిక. తర్వాతి పేజీలోనే తడబాటు. ‘వస్తుగత సత్యం (ఎవరేమనుకున్నా ఉన్నది ఉన్నట్టే ఉండేది) ఉంది’ అన్నదాన్నీ, ‘అది మాకు నూటికి నూరుపాళ్లు తెలుసు’ అన్నదాన్నీ కలిపేసింది. ఈ రెండింటినీ విడదీయకపోతే తరగతి మొత్తం అక్కడే చిక్కుకుంటుంది. తెలివైన పిల్ల ఎవరో ఒకరు లేచి ‘మరి పాస్టరుగార్లే ఒకరితో ఒకరు ఒప్పుకోరు కదా’ అంటుంది, నాయకుడి దగ్గర జవాబుండదు.

బోర్డు మీద మూడు గళ్లు గీయండి. ఉన్నదేమిటి? మనకెలా తెలిసింది? ఎంత గట్టిగా చెప్పగలం? బావి లోతు ఎంతని అడిగితే నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. తాడు వేసి కొలుస్తాం. తాడు సాగొచ్చు, ముడి జారొచ్చు, కొలత తప్పొచ్చు. కొలత తప్పింది అనగలుగుతున్నామంటే లోతు అనేది ఒకటి ఉండబట్టే. నాలుగు అభిప్రాయాలున్నాయని నాలుగు లోతులుండవు. అలాగని తాడు పట్టుకున్నవాడు ఎప్పుడూ తప్పడనీ కాదు. పౌలు కూడా ‘ఇప్పుడు అద్దములో చూచినట్టు సూచనగా చూచుచున్నాము’ అన్నాడు (1 కొరింథీ 13:12). ఈ వచనం పుస్తకంలో ఎక్కడా లేదు. చేర్చుకోండి.

రెండో పాఠం ఆయుధం లాంటిది కాబట్టి పిల్లలకు బాగా నచ్చుతుంది. ‘సత్యమంటూ ఏదీ లేదంటున్నావు, ఆ మాటైనా సత్యమేనా?’ అని తిప్పికొట్టే వాదన అది. కొత్తదేమీ కాదు. మనిషే అన్నిటికీ కొలబద్ద అన్న గ్రీకు తత్వవేత్త ప్రొటాగొరస్ మీద ప్లేటో క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే దీన్ని వాడాడు. వాదన సరైనదే. ‘ఏదీ సత్యం కాదు’ అని అన్నిటికీ కలిపి చెప్పేవాడి మీద పనిచేస్తుంది. కానీ అలా అనేవాడు మనకు ఎదురుపడేది అరుదు. ‘ఎవరి నమ్మకం వాళ్లదిలే’ అనేవాళ్లలో మూడు రకాలున్నారు. ఒకరు మంచిచెడుల గురించి మాత్రమే అలా అంటారు, లెక్కల గురించి కాదు. ఇంకొకరు సత్యం లేదనడం లేదు, నాకు తేలలేదు అంటున్నారు. మూడోవాళ్లు ఇరుగుపొరుగుతో గొడవ వద్దనుకుని మాట తెగ్గొడుతున్నారు, పెళ్లి ఇళ్లలో వినిపించేది ఎక్కువగా ఇదే. ముగ్గురికీ పుస్తకం ఒకే దెబ్బ నేర్పుతుంది. మొదటివాడికి తగలదు, రెండోవాడు నొచ్చుకుంటాడు, మూడోవాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లలేం. ఈ వాదన నేర్పే ముందు ‘మీరు ఏ సంగతి గురించి అంటున్నారు?’ అని అడగడం నేర్పాలి. ఆ ప్రశ్న వేయడాన్ని ఇద్దరిద్దరి చేత పది నిమిషాలు సాధన చేయించండి, తర్వాతే ప్లేటో దగ్గరికి వెళ్లండి.

మూడో పాఠం కార్డులది. పెట్టెకి ప్రాణం ఇదే. 36 కార్డుల్లో ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. వాటిని మూడు కుప్పలుగా పేర్చాలి: మనుషులున్నా లేకున్నా నిజమయ్యేవి, మనుషులు ఒప్పుకున్నందువల్ల నిజమైనవి, ఇష్టాయిష్టాలు. నలుగురేసి గుంపులు చేయండి, ఐదుగురైతే ఒకరు ఫోన్ తీస్తారు. గుంపుకి 9 కార్డులు, 15 నిమిషాలు. ఆ తర్వాత గుంపులు చోట్లు మార్చుకుని పక్కవాళ్ల కుప్పల్లో ఒక్కో కార్డునే ప్రశ్నించాలి. అంతకుమించి అనుమతిస్తే సంత అవుతుంది.

ఇబ్బందల్లా కార్డుల మీద వాక్యాలతోనే. లండన్ వంతెన, వెనిల్లా ఐస్‌క్రీమ్, మంచు తుఫాను. ఇవి ఇక్కడ ఎవరికి పట్టాయి? ఎనిమిదింటిని తీసేసి ఖాళీ అట్టల మీద మన వాక్యాలు రాసుకోండి. ఇటువైపు ఈ పాఠానికి కావలసిన సరుకు ఊరినిండా ఉంది.

‘మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు.’ మొదటి కుప్ప. అడుగుల్లో చెబితే అంకె మారుతుంది, కొండ పెరగదు.

‘పర్లాకిమిడి ఒడిశాలో ఉంది.’ దాదాపు అన్ని గుంపులూ దీన్నీ మొదటి కుప్పలోనే వేస్తాయి. అప్పుడు అడగండి: 1935లో? అప్పుడు ఊరు మద్రాసు ప్రెసిడెన్సీది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు ఒరిస్సాకి వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. రామమూర్తి పంతులు ఆ ఏడే పర్లాకిమిడి విడిచి రాజమండ్రి వెళ్లారు. గీత మనుషులు గీసినదే, కాబట్టి కార్డు రెండో కుప్పలోకి వెళ్లాలి. ఇక్కడ ఆగిపోకండి. మనుషులు గీసిన గీత కాబట్టి ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకోవచ్చా? ఇవాళ పర్లాకిమిడి ఆంధ్రలో ఉందని దరఖాస్తులో రాస్తే అది తప్పే. పైగా ఆ గీత 1936 ఏప్రిల్ 1న పడిందన్న సంగతిని ఇప్పుడు ఏ ఓటింగూ మార్చలేదు. ఒప్పందం రెండో కుప్పది, ఒప్పందం జరిగిందన్న వాస్తవం మొదటి కుప్పది. ‘ఇది సమాజం కట్టుకున్నది’ అనగానే ‘కాబట్టి నిజం కాదు’ అని దూకే అలవాటు కాలేజీ పిల్లలకు వచ్చేసింది. దానికి ఇంత సూటి జవాబు పుస్తకంలో వేరే ఎక్కడా దొరకదు.

కొరాపుట్ వైపు సంఘాలైతే కొటియా కార్డు రాసుకోవచ్చు. ఒడిశా, ఆంధ్ర రెండూ తమవేనంటున్న 21 గ్రామాలు, 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన తగాదా. అక్కడ రెండు రాష్ట్రాల గుర్తింపు కార్డులూ ఉన్న ఇళ్లున్నాయి. ‘ఈ ఊరు ఏ రాష్ట్రానిది’ అన్న ప్రశ్న తీర్పు కోసం ఎదురుచూస్తుంది. ‘ఊరి పైన ఊట ఉందా’ అన్నది ఎవరి తీర్పు కోసమూ ఆగదు. ఈ కార్డుకి పది నిమిషాలే ఇవ్వండి, లేకపోతే తరగతి రాజకీయాల్లోకి జారుతుంది.

సవర పిల్లలున్న తరగతిలో లెక్కల కార్డు తప్పక పెట్టాలి. సవర భాషలో పన్నెండు దాకా విడి పేర్లు, పదమూడు అంటే పన్నెండూ ఒకటీ, ఇరవై దగ్గర మరో మెట్టు. 39 అంటే మనకు మూడు పదులూ తొమ్మిది, వాళ్లకు ఇరవై, పన్నెండు, ఏడు. నేల మీద 39 చింతపిక్కలు పోసి రెండు భాషల్లోనూ లెక్కపెట్టించండి. ముందు సవర పిల్లల చేతే చేయించండి. ఎవరైనా నవ్వితే పాఠం అక్కడే ఆపండి. లెక్కించే తీరు సంస్కృతిని బట్టి ఉంటుంది. పిక్కలెన్ని అన్నది అలా మారదు.

ఈ పాఠంలో నాయకులు పొరపడే చోటు ఒకటుంది. పిక్కల దగ్గర గెలిచాం కాబట్టి నీతి దగ్గర కూడా గెలిచినట్టే అనుకుంటారు. కాదు. ‘వరకట్నం తీసుకోవడం తప్పు’ అన్న కార్డు పెట్టెలోనే ఉంది, ఏ కుప్పలో వేయాలో నాయకుడి పుస్తకం చెప్పదు. అది మంచి పనే చేసింది. గుంపుల్లో సగం దాన్ని రెండో కుప్పలో వేస్తాయి, చట్టం ఉంది కదా అని. చట్టం వచ్చింది 1961లో. మరి 1960లో తప్పు కాదా? ఎవరూ వెంటనే జవాబు చెప్పరు. చెప్పించడానికి ప్రయత్నించకండి. కార్డుని బల్ల మధ్యలో వదిలేసి ఆరో పాఠం దాకా అక్కడే ఉంచండి.

నాలుగో పాఠం పోస్ట్‌మోడర్న్ ఆలోచనాపరులది, అంటే అందరికీ ఒకటే సత్యం అనే ధీమాని ప్రశ్నించినవాళ్లది. పెట్టెలో అధ్వాన్నమైనది ఇదే. లియోతార్, ఫూకో, డెరిడా, రోర్టీ నలుగురికీ తలో పేజీ. నలుగురి నోటా ఒకటే మాట: ‘ఏదైనా సరే, నీకు నచ్చిందే సత్యం.’ వీళ్లలో ఎవరూ అలా అనలేదు. లియోతార్ 1979లో క్యూబెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మండలి కోసం రాసిన నివేదికలో చెప్పింది మహా కథనాల మీద నమ్మకం సడలిపోవడం గురించి, అంటే చరిత్ర మొత్తాన్నీ ఒకే కథగా చెప్పి దాని పేరున అన్నిటినీ సమర్థించుకోవడం మీద అనుమానం. ఫూకో (1926–1984) అడిగింది ఏ మాటని జ్ఞానమనాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందని. డెరిడా పట్టుకున్నది చదివే ప్రతిదీ సందర్భంలోనే అర్థమవుతుందన్న సంగతి. ‘నీకు నచ్చిందే’ అన్న దానికి కాస్త దగ్గరగా వచ్చేవాడు రోర్టీ (1931–2007), ఆయన కూడా సత్యం గురించి సిద్ధాంతమే వద్దు, సమర్థించుకోగలమా లేదా అన్నదే చూద్దాం అన్నాడు. వీళ్లతో విభేదించడానికి క్రైస్తవులకు కావలసినన్ని కారణాలున్నాయి. కానీ సత్యం గురించిన తరగతిలోనే పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలికితే ఎలా? నిర్గమకాండం 20:16 ఫ్రెంచివాళ్లకి కూడా వర్తిస్తుంది.

ఈ నాలుగు పేజీల బదులు ఒక ఉదాహరణ తీసుకోండి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే నేరస్థులని బ్రిటిషు ప్రభుత్వం ప్రకటించి రిజిస్టర్లలో ఎక్కించింది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది, అప్పుడు పర్లాకిమిడి, బరంపురం ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ఆ జాబితాలు రద్దయింది 1952లో. అధికారుల నివేదికలు, పరిశీలనలు, పట్టికలు, అన్నీ ‘వస్తుగతం’ అనే ముసుగులోనే నడిచాయి. ఇక్కడ ఫూకో ప్రశ్న సరైన ప్రశ్నే, ఎవరు చెప్పారు, ఎవరికి లాభం అని పిల్లల చేత అడిగించండి. అడిగాక రెండో ప్రశ్న: ఆ కులాల గురించి రాసింది నిజమా, అబద్ధమా? జ్ఞానమంతా అధికారం తయారు చేసిన సరుకే అయితే, రిజిస్టరులో పేరెక్కిన మనిషి ‘ఇది అబద్ధం’ అని ఎలా అనగలడు? ‘ఇది నీ కథనం, అది నా కథనం’ అని మాత్రమే అనగలడు, ఠాణా ఉన్నవాడి కథనమే నెగ్గుతుంది. బలహీనుడికి సత్యం అవసరం ఎక్కువ. పిల్లల చేత ఇది పలికించగలిగితే నాలుగో పాఠం పని అయిపోయినట్టే.

ఇదే పాఠంలో సంఘం గురించి కూడా ఒక ప్రశ్న ఉండాలి. పెద్దలు ‘ఇది సత్యం’ అన్న మాటతో ఎదుటివాళ్ల నోరు మూయించిన సందర్భాలు లేవా? పిల్లలకు సాపేక్షవాదం, అంటే ‘ఎవరి సత్యం వాళ్లది’ అన్న మాట, రుచించడానికి సగం కారణం అదే. పుస్తకం ఈ ఊసే ఎత్తదు.

ఐదో పాఠం: ఏనుగు, గుడ్డివాళ్లు. దారులన్నీ ఒక్కచోటికే అన్న మాటకి మన దగ్గర అందరూ చెప్పే కథ. కథ మూడు నిమిషాల్లో చెప్పించి, నాయకుడు ఒకే ప్రశ్న వేయాలి: ‘అది ఏనుగని ఈ కథ చెప్పేవాడికి ఎలా తెలిసింది?’ గుడ్డివాళ్లందరూ తలో ముక్కే తడిమారు, కథకుడొక్కడికే మొత్తం ఏనుగు కనిపిస్తోంది. ఎవరికీ పూర్తి సత్యం తెలియదనే కథ, చెప్పేవాడికి మాత్రం తెలుసన్న నమ్మకం మీద నిలబడింది. 1936లో తమిళనాడుకి మిషనరీగా వచ్చి, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో బిషప్ అయిన లెస్లీ న్యూబిగిన్ ఈ సంగతిని గట్టిగా పట్టి చూపించాడు. పుస్తకం దీన్ని చక్కగా, క్లుప్తంగా చెప్పింది.

అక్కడితో ఆపి చప్పట్లు కొట్టించడమే పుస్తకంలో లోపం. ఈ పాఠానికి రెండో సగం మీరే చేర్చుకోవాలి. జైనుల అనేకాంతవాదం ఈ కథను వాడుకున్నది ఏనుగు లేదని చెప్పడానికి కాదు, ఉన్న ఒక్క ఏనుగుకి అనేక పక్కలున్నాయని చెప్పడానికి. ‘స్యాత్’ (ఒక విధంగా చూస్తే) అని ముందు చేర్చేది ఏ వైపు నుంచి చూస్తే ఆ మాట నిజమో గుర్తు పెట్టడానికి. ఋగ్వేదం మొదటి మండలంలోని ‘ఏకం సత్ విప్రా బహుధా వదంతి’ మొదటి మాటగానే ఉన్నది ఒకటే అంటుంది. ‘సత్యమేవ జయతే’ ముండకోపనిషత్తుది. తర్కానికి పేరుపడ్డ న్యాయ దర్శనం ప్రత్యక్షం (నేరుగా చూడటం), అనుమానం (గుర్తును బట్టి తేల్చుకోవడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవాళ్ల మాట) అని నాలుగు ప్రమాణాలు పెట్టుకుని ఏది సరైన జ్ఞానమో తేల్చడానికి శతాబ్దాల పాటు వాదించింది. పుస్తకం మాత్రం 61వ పేజీలో ‘అన్నీ ఒకటే’ అనే హిందూ పొరుగింటివాళ్లను పోస్ట్‌మోడర్నిస్టుల జాబితాలో చేర్చేసింది. ఇంతకంటే పెద్ద తప్పు ఈ పెట్టెలో లేదు. వాళ్లు సత్యం ఉందని ఒప్పుకుంటూనే మాట్లాడుతున్నారు. వాళ్లతో మాట్లాడవలసింది ఆ ఉన్నది ఎవరు, ఎలా తెలియబరచుకున్నాడు అన్నదాని గురించి. ‘సత్యం ఉందా లేదా’ అన్న దగ్గర మొదలుపెడితే తెరిచి ఉన్న తలుపుని తోసినట్టే.

మతాలన్నీ ఒకటే చెబుతాయా అన్నది తేల్చడానికి ఒక చిన్న అభ్యాసం చాలు. యేసు సిలువ మీద చనిపోయాడని నాలుగు సువార్తలూ చెబుతాయి. వాళ్లు ఆయన్ని చంపనూ లేదు, సిలువ వేయనూ లేదు అని ఖురాను 4:157 చెబుతుంది. రెండూ ఒకే సంఘటన గురించి చెబుతున్నాయి కాబట్టి ఒకేసారి రెండూ నిజం కాలేవు. ఇది ఎవరినీ కించపరచకుండా చెప్పగలిగిన సంగతి. ముస్లిం విద్వాంసులు కూడా ఇదే ఒప్పుకుంటారు. నాయకుడి గొంతు పెరగకుండా చూసుకోవాలి, అంతే.

ఆరో పాఠం నీతి గురించి. బల్ల మీది వరకట్నం కార్డు ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. చట్టం రాకముందు కూడా అది తప్పే అని పిల్లలు ఒప్పుకుంటే, చట్టానికి పైన ఏదో ఉందన్నమాట. అక్కడి నుంచి దేవుని దాకా పుస్తకం రెండే అంగల్లో వెళ్లిపోతుంది. దేవుణ్ణి నమ్మకుండానే నీతి వస్తుగతమని వాదించే తత్వవేత్తలు ఉన్నారని ఒక్క వాక్యం చేర్చండి. లేకపోతే డిగ్రీలో ఫిలాసఫీ చదివే పిల్లవాడు పట్టేసుకుంటాడు, పట్టుకోవడం న్యాయమే.

ఏడో పాఠం: పునరుత్థానం. ‘క్రీస్తు లేపబడియుండనియెడల మేముచేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే’ (1 కొరింథీ 15:14). తన విశ్వాసం ఏ సంగతి తప్పయితే కూలిపోతుందో పౌలు తానే చెప్పాడు, ‘నాకు మాత్రం నిజం’ అనేవాడు ఈ మాట అనలేడు. పాఠానికి ఇది గట్టి పునాది. దాని మీద కట్టిన గోడల్లోనే పగుళ్లు. 84వ పేజీలో జాన్ రైలాండ్స్ పపైరస్ (యోహాను సువార్త పాత ప్రతిలో మిగిలిన ముక్క) బొమ్మ వేసి ‘క్రీ.శ. 125’ అని ఖాయం చేసేశారు. మాంచెస్టరులో ఉన్న ఈ ముక్క అరచేయంత కూడా ఉండదు. యోహాను 18లో పిలాతు ‘సత్యమనగా ఏమిటి?’ అని అడిగే సంభాషణలోని కొన్ని అక్షరాలు దాని మీద ఉన్నాయి. ఈ తరగతికి ఇంతకంటే తగిన బొమ్మ దొరకదు. కానీ తేదీ చేతిరాత తీరును బట్టి వేసిన అంచనా, రెండో శతాబ్దం అనడం మేలు, ఇంకా తర్వాతిది కావచ్చనే పండితులూ ఉన్నారు. 86వ పేజీలో కొత్త నిబంధనకు ఐదు వేలకు పైగా గ్రీకు ప్రతులున్నాయి ‘కాబట్టి అది సత్యం’ అన్నారు. ప్రతులు ఎక్కువుంటే మొదట ఏం రాశారో దాదాపుగా తేల్చుకోవచ్చు. రాసినది జరిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి సాక్షుల వాంగ్మూలాలు చూడాలి. ఈ తేడా చెప్పకపోతే మొదటి పాఠంలో బోర్డు మీద గీసిన మూడు గళ్లనీ మనమే చెరిపేసుకున్నట్టు. రెండు పేజీల మీదా పెన్సిలుతో దిద్దించండి. సొంత పక్షం వాదనలోని తప్పుని దిద్దడం పిల్లలు కళ్లారా చూడాలి.

ఎనిమిదోది సంభాషణ సాధన. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు. మొదటి ఐదు నిమిషాలు ఎదుటివాళ్ల మాటను వాళ్లే ‘అవును, నేనన్నదదే’ అనేలా తిరిగి చెప్పడం, అది కుదిరాకే జవాబు. అపొస్తలుల కార్యాలు 17లో పౌలు ఏథెన్సువాళ్ల బలిపీఠం మాటతో మొదలుపెట్టి, వాళ్లకు తెలిసిన కవులనే ఉటంకించిన చోటు చదివించండి. పాత్రలు పోషించేటప్పుడు ‘నువ్వు’ అనిపించకండి. పక్కింటి పిన్నిగారితో, షాపు బాబాయితో, కాలేజీ మాస్టారుతో ఎలా మాట్లాడతారో అలాగే. నాయకుడి పుస్తకంలోని నమూనా సంభాషణల్లో అందరూ ‘మిత్రమా’ అని పిలుచుకుంటారు. పర్లాకిమిడి బజారులో ఎవరినైనా అలా పిలిచి చూడండి.

ఈ పాఠంలో చట్టం గురించి ఒక్క మాటైనా లేకపోవడం బాధ్యతలేనితనం. ఒడిశాలో మత స్వాతంత్ర్య చట్టం 1967 నుంచి ఉంది. బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చడం నేరం. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూ, రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన ప్రచార హక్కులో ఎదుటివాళ్లను మతం మార్చే హక్కు లేదని చెప్పింది. తమ విశ్వాసం గురించి మాట్లాడటానికీ, కానుకలు చూపి రప్పించడానికీ తేడా పిల్లలకు స్పష్టంగా తెలియాలి. పుస్తకం చివర సలహాగా ఇచ్చిన ‘మిత్రులను బహుమతులతో ఆహ్వానించండి’ అన్న పేరా కొట్టేయండి. సత్యం అని నమ్మి చెప్పే మాటకి బహుమతి తోక అక్కర్లేదు కూడా.

కొనేటప్పుడు: పన్నెండు మందికి ఒక పెట్టె, విద్యార్థి పుస్తకాలు ఆరు చాలు, ఇద్దరికొకటి. ఒకరు గట్టిగా చదివి ఒకరు వింటే లిపి సమస్య కూడా కొంత తీరుతుంది. నాయకుడి పుస్తకం లేకుండా పెట్టె అమ్ముతున్న చోట్లున్నాయి, తీసుకోవద్దు, కార్డుల వెనక అంకెలకు అర్థం అందులోనే ఉంది. పార్సెల్ విప్పగానే పెన్‌డ్రైవ్ తెరిచి ఆరో పాఠం ఆడియో చివరి దాకా వినండి. కొన్నిటిలో అది మధ్యలో తెగిపోయి ఏడో పాఠం మొదలవుతోంది, అడిగితే మార్చి ఇస్తున్నారు.